‘చేంజ్’ క్రియ: తెలుగు వ్యవహారము

ఆంగ్లమున ‘చేంజ్’ అను క్రియ అకర్మకముగను సకర్మకముగను ఒకే రూపమున ప్రయోగింపబడును. నియమము మారెననుటకును, నియమమును మార్చిరనుటకును ఆ భాషలో ఒకే క్రియ చాలును. అర్థభేదమును వాక్యమునందలి పదముల వరుసను బట్టి గ్రహింపవలెను. తెలుగున అట్లు గాదు. ‘మారు’ అకర్మకము, ‘మార్చు’ సకర్మకము, క్రియాఫలము కర్తకే చెందునప్పుడు ‘మార్చుకొను’. ఈ మూడింటి పనిని ఒక్కటిగా చేయు ఆంగ్లక్రియ తెలుగువారి నోట ఏ రూపము దాల్చినదో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. ఉదాహరణములను హైదరాబాదు నగరమందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల నిత్యవ్యవహారము నుండి గ్రహించినాము. నగర కేంద్ర గ్రంథాలయమును, పోటీపరీక్షల శిక్షణాలయములును గల ఈ ప్రాంతములకు పలుజిల్లాల అభ్యర్థులు వచ్చి వసించుచుండుటచే ఇచ్చట పలుకుబడుల కలయిక విశేషముగా నున్నది.

మొదట వ్యుత్పత్తిని చూతము. ‘చేంజ్’ ప్రాచీన ఫ్రెంచి ద్వారా ఆంగ్లమున చేరినది. వస్తువుల మార్పిడిని తెలుపు ‘కంబియారె’ అను అర్వాచీన లాటిన్ క్రియ దానికి మూలము. చిల్లర డబ్బునకు ఆంగ్లమున అదే పేరు కలుగుట ఈ అర్థసంబంధము వలననే. మన ‘మారు’ ధాతువునకును ఇట్టి సంబంధము కలదు. కన్నడమున ‘మారు’ అనగా అమ్ముట. తెలుగున ‘మారకము’, ‘మారుబేరము’ అను మాటలు వినిమయార్థమును నేటికిని నిలుపుకొన్నవి.

తెలుగున ‘చేంజ్’ నామమువలె ప్రవేశించినది. దానికి ‘ఇంచు’ ప్రత్యయము చేరదు. ‘అగు’, ‘చేయు’, ‘చేసికొను’ అను క్రియలు చేరును. ‘ఫోన్ నంబరు చేంజ్ అయింది’, ‘పరీక్ష తేదీ చేంజ్ చేసిన్రు’, ‘బట్టలు చేంజ్ చేసుకో’ అను వాక్యములను గమనింపుడు. ఇవి క్రమముగా మారు, మార్చు, మార్చుకొను అనువాని స్థానములే. ఆంగ్లరూపమున లేని భేదమును తెలుగు ఆ పదమునకు కల్పించినది.

ఒక ప్రయోగము ప్రత్యేకముగా విచారింపదగినది. 2020లో ప్రారంభమైన మెట్రో మార్గమున చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషనులు కలవు. నారాయణగూడలో నెక్కి అమీర్‌పేటకు పోవువాడు మహాత్మాగాంధీ బస్‌స్టేషను వద్ద రైలు మారవచ్చును. ఇచ్చట ‘రైలు’ కర్మవలె కనుపించును గాని మారువాడు ప్రయాణికుడే. ‘ఇల్లు మారు’ అనునదియు ఇట్టిదే. ‘రైలును మార్చవలెను’ అన్నచో అర్థము వేరగును. ‘ట్రైన్ చేంజ్ కావాలె’ అనుటలో తెలుగు నుడికారము నిలిచినది. ‘ట్రైన్ చేంజ్ చేయాలె’ అనుటలో ఆంగ్లపు సకర్మక ప్రయోగచ్ఛాయ కలదు.

ఈ పద్ధతి నూతనము గాదు. అరబీ ‘బదల్’ శబ్దసంబంధమున ఉర్దూ ద్వారా వచ్చిన ‘బదిలీ’ని మనము ‘బదిలీ అగు’, ‘బదిలీ చేయు’ అని ఏనాడో విభజించుకొన్నాము. ఉర్దూలో ‘బదల్‌నా’ యను క్రియ ఆంగ్లక్రియవలె రెండర్థములందును చెల్లును.

అనువాదమున ఈ భేదము మిక్కిలి ముఖ్యము. 2024లో తెలంగాణమున వాహనముల రిజిస్ట్రేషను అక్షరములు ‘టీఎస్’కు బదులు ‘టీజీ’ అయినవి. ‘అక్షరములు మారినవి’ అన్నచో జరిగిన సంగతి మాత్రమే తెలియును. ‘అక్షరములను మార్చిరి’ అన్నచో ఎవరు మార్చిరి, ఎందులకు మార్చిరి అను ప్రశ్నలు వెంటనే పుట్టును. ఆంగ్లపాఠమున కర్త స్పష్టముగా నున్నప్పుడు తెలుగున ‘మారినది’ అని వ్రాయుట అర్థలోపము. ఏండ్ల తరబడి ఒక పరీక్షకై చదువుచున్న అభ్యర్థికి ‘తేదీ మారినది’ అను ప్రకటనయు, ‘తేదీని మార్చినాము’ అను ప్రకటనయు ఒకటి గావు. రెండవదానియందే బాధ్యుడు కనుపించును.

కావున ‘చేంజ్’ ప్రవేశముచే మారు, మార్చు అనువాని భేదము నశించెనని తలంపరాదు. సామాన్యజనుల వాడుక దానిని కాపాడుచున్నది. ప్రకటనలు వ్రాయువారును, అనువాదకులును అంతటి జాగ్రత్తనే వహింపవలెనని మా అభిప్రాయము.