తాబేటి గూళ్ళకు రాత్రి కాపలా

జనవరి మాసం. అర్ధరాత్రి దాటింది. చెన్నై నగరానికి దక్షిణాన నీలాంగరై తీరం నుంచి బీసెంట్ నగర్ వైపు కొందరు యువతీ యువకులు ఇసుకలో నడుస్తున్నారు. చేతుల్లో టార్చిలైట్లు ఉన్నా వెలిగించడం లేదు. ముందు నడుస్తున్న విద్యార్థి హఠాత్తుగా ఆగిపోతాడు. ట్రాక్టరు చక్రం దొర్లినట్లు మూరన్నర వెడల్పున ఒక జాడ నీటి అంచు నుంచి పైకి పాకి, మళ్ళీ నీటిలోకే మళ్ళింది. కొద్ది సేపటి క్రితమే ఒక తల్లి తాబేలు వచ్చి వెళ్ళింది.

అది ఆలివ్ రిడ్లీ జాతి సముద్ర తాబేలు. డిప్ప నిడివి సుమారు రెండడుగులు. బరువు 35 నుంచి 50 కిలోలు. ఒడ్డున ఉండేది గంటసేపే. వెనుక కాళ్ళతో కూజా ఆకారంలో ఒకటిన్నర అడుగుల లోతు గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గూటి ముఖం చూడదు. తల్లి విడిచిన ఆ కాపలా బాధ్యతను ఏటా ఒక ఋతువు పాటు తమ భుజాలపై వేసుకునే విద్యార్థుల కథ ఇది.

అర్ధశతాబ్ది నడక

మద్రాసు తీరంలో ఈ రాత్రి నడకలు 1970ల ఆరంభంలో మొదలయ్యాయి. సర్పోద్యాన స్థాపకుడు రోములస్ విటేకర్, ఆయన మిత్రులు వీటికి ఆద్యులు. వారిలో సతీష్ భాస్కర్ ఒకరు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదువు విడిచి తాబేళ్ళ వెంట నడిచిన మనిషి ఆయన. 1982 వర్షాకాలంలో, పడవలు తిరగని రోజుల్లో, లక్షద్వీపాలలోని నిర్జనమైన సుహేలీ దీవిలో నెలల తరబడి ఒంటరిగా ఉండి, పచ్చ తాబేళ్ళు ఎన్ని వచ్చి గుడ్లు పెడుతున్నాయో లెక్క రాశారు. అక్కడి నుంచి భార్యకు రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి సముద్రంలో విడిస్తే, అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికి, చివరకు ఆమెకు చేరింది. భాస్కర్ 2023లో కన్నుమూశారు. భారతదేశంలో సముద్ర తాబేళ్ళను గురించిన తొలి విజ్ఞానంలో పెద్ద పాలు ఆయన పాదయాత్రల ఫలమే.

1988లో మద్రాసు విద్యార్థులు తమలో తాము ఒక సంఘంగా ఏర్పడి ఈ నడకలను చేపట్టారు. నాటి నుంచి తరం మారినా నడక ఆగలేదు. జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టే కాలం; మే వరకు పిల్లలు వెలువడే కాలం.

శిక్షణ అంటే

కొత్తగా చేరినవారు మొదట నేర్చుకోవలసినది జాడ చదవడం. తాబేలు ఒక్కొక్కప్పుడు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. జాడను బట్టి గూడు ఉన్నదీ లేనిదీ తేల్చి, సన్నని కర్రతో మెల్లగా తడుముతూ, ఇసుక మెత్తగా దిగే చోటు పట్టుకోవాలి. తరువాత తవ్వడం చేతులతోనే.

ఇక్కడి నుంచి కాలంతో పోటీ. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు లోపలి పిండం పెంకు పై భాగానికి అతుక్కుంటుంది. ఆపైన గుడ్డును తిరగవేస్తే పిండం చనిపోతుంది. కనుక తెల్లవారేలోగా గుడ్లను లెక్కించి, గూటిలోని ఇసుకతో సహా గుడ్డసంచిలో చేర్చి, కుదుపు లేకుండా హేచరీకి మోసుకుపోవాలి. హేచరీ అంటే ఒడ్డునే కంచె కట్టిన చిన్న ఆవరణ. అక్కడ తల్లి తవ్విన లోతునే, అదే కూజా ఆకారంలో, గుంట తవ్వి గుడ్లు పూడ్చి, తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ నిలుపుతారు. సుమారు 45 రోజులకు గుంటపై బుట్ట బోర్లించి కాపు కాస్తారు. పిల్లలు బయటపడగానే తీరాన వదులుతారు. అవి సొంతంగా పాకి నీటిని చేరాలి. ఆ తరువాత గుంట తవ్వి, ఖాళీ పెంకులు, చెడిన గుడ్లు వేరుచేసి లెక్కిస్తారు.

పిల్ల తాబేళ్ళు వెలుగు దిక్కుగా పాకుతాయి. యుగాలుగా చీకటి తీరాన వెలుగు అంటే నక్షత్రాల కాంతిలో మెరిసే సముద్రమే. నేడు వీధి దీపాలు వాటిని రోడ్డు మీదికి పిలుస్తున్నాయి. కుక్కలు, నక్కలు సరేసరి. నగర తీరంలో గూడును కదిలించక తప్పనిది ఇందువల్లనే.

అయితే కదిలించడం మంచిదేనా? తాబేలు పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడిమి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు అధికమవుతాయి. హేచరీకి చోటు ఎంచడంలో, నీడ కట్టడంలో చిన్న తేడా వచ్చినా ఒక తరంలో ఆడ మగ పాళ్ళు తారుమారు కావచ్చు. కనుక గూడు భద్రంగా ఉన్నచోట దానిని ముట్టుకోకపోవడమే ఉత్తమం. ఒడిశాలోని ఋషికుల్య వద్ద తాబేళ్ళు ఒక్కసారిగా లక్షలలో ఒడ్డుకు చేరుతాయి. 2025 ఫిబ్రవరిలో వాటి సంఖ్య 6 లక్షలు దాటింది. అక్కడ గూళ్ళు కదిలించే ప్రసక్తి లేదు. కాపలా, లెక్క, అంతే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఆంధ్ర తీరంలో గూళ్ళు చెదురుమదురుగా ఉంటాయి గనుక హేచరీల అవసరం ఉంది.

సున్న కూడ లెక్కే

శిక్షణలో అన్నిటికంటె కఠినమైనది నోటుపుస్తకం. తెల్లవార్లూ నడిచి ఒక్క గూడూ కనబడని రాత్రులు అనేకం. ఆ రాత్రి ఎదుట ‘సున్న’ అని రాయాలి. రాయకపోతే ఎన్ని రాత్రులు నడిస్తే ఎన్ని గూళ్ళు దొరికాయో తేలదు. ఈ ఏడు తాబేళ్ళు తగ్గాయో, నడకలే తగ్గాయో చెప్పడం సాధ్యం కాదు. శ్రమ వృథా అయినట్లు తోచే రాత్రి కూడ శాస్త్రానికి అక్కరకు వస్తుంది.

చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చిన తాబేళ్ళనూ లెక్కించాలి. 2025 జనవరిలో చెన్నై పరిసరాలలో అటువంటివి వందల సంఖ్యలో తేలాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలు వలలో చిక్కి పైకి రాలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. వల నుంచి తాబేలు బయటపడేందుకు ద్వారం అమర్చే సాధనం ఉంది. కాని చేప కూడ జారిపోతుందని జాలరుల జంకు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తాబేళ్ళు ముమ్మరంగా వచ్చేది అంతకు ముందే. హేచరీలో వేయి పిల్లలను కాపాడినా, పెరిగి పెద్దదై తిరిగి వచ్చేది ఒక్కటే కావచ్చునని అంచనా. ఆ లెక్కన ఒక్క తల్లి తాబేలు వలలో పోతే ఎంత నష్టమో ఊహించవచ్చు.

నీటిలోకి వెళ్ళిన పిల్ల ఈడుకు రావడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. అప్పటికి దానిని వదిలిన విద్యార్థి ఏ ఊళ్ళో ఏ ఉద్యోగంలో ఉంటాడో! ఎదుట నిలిచినా దానిని అతడు గుర్తుపట్టలేడు. కాని రాసిన అంకె గుర్తుపడుతుంది. 2021లో ఒడిశా తీరాన సంఖ్య గల బిళ్ళ తగిలించిన ఒక తాబేలు, 2025 జనవరిలో దేశానికి అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. తూర్పు తీరాన ఒకరు శ్రద్ధగా రాసిన అంకెను పడమటి తీరాన మరొకరు అంతే శ్రద్ధగా చదివారు. వారు ఒకరినొకరు చూసి ఉండకపోవచ్చు. ఒక ఋతువు శిక్షణ వల్ల కలిగే ఫలం అదే: ఫలితం తన కళ్ళ ఎదుట కనబడకపోయినా, పని తప్పులేకుండా చేసి, పుస్తకం తరువాతి వారికి అందించడం.