నాలుగు కడ్డీలు... నేల గుట్టు!

అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడింది. వేపపుల్ల గిర్రున తిరిగింది. ఇంకేం, బోరు బండి వచ్చేసింది. మూడొందల అడుగులు దాటినా దుమ్మే! రాయలసీమ, తెలంగాణ రాతి నేలల్లో ఇలా అప్పు మాత్రమే మిగిల్చిన బోర్లెన్నో. మరి, తవ్వకుండానే నేల లోపలికి తొంగిచూడలేమా? చూడొచ్చు. నాలుగు ఇనుప కడ్డీలు, బ్యాటరీ, మీటరు ఉంటే చాలు.

తడిసిన పొరలో కరెంటు తేలిగ్గా పారుతుంది. పగుళ్లు లేని గ్రానైటు దాన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డుకునే గుణమే విద్యుత్ నిరోధకత. తడి మొరంలో అది పదుల ఓమ్ మీటర్లలో ఉంటే, గట్టి రాతిలో వేలల్లో ఉంటుంది. నేలలోకి కరెంటు పంపి లోపలి సంగతులు పసిగట్టే ప్రయోగాలను 1912లో ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లంబర్జర్ మొదలుపెట్టాడు. 1915లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ వెన్నర్ నాలుగు కడ్డీల లెక్క చెప్పాడు.

కడ్డీలను ఒకే వరుసలో సమాన దూరంలో పాతాలి. చివరి రెంటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలవాలి. వోల్టేజీని కరెంటుతో భాగించి, కడ్డీల ఎడంతోనూ 6.28తోనూ గుణిస్తే సరి. ఎడం 10 మీటర్లు, భాగిస్తే వచ్చింది 1 ఓమ్ అయితే జవాబు దాదాపు 63 ఓమ్ మీటర్లు.

అయితే ఇది ఏ ఒక్క పొరదీ కాదు, అన్ని పొరల కలగూరగంప! విడదీయాలంటే కడ్డీలను దూరం జరుపుతూ మళ్లీ మళ్లీ కొలవాలి. ఎడం పెరిగేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. ఆ అంకెలతో గీసిన గీత కిందికి వంగితే ఎండుమట్టి కింద తడి పొర ఉన్నట్టు, మళ్లీ పైకి లేస్తే రాయి తగిలినట్టు. ఒకప్పుడు ఆ గీతను అచ్చు గీతల పక్కన పెట్టి పోల్చేవారు. ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే. బంకమట్టిలోనూ ఉప్పునీటిలోనూ నిరోధకత తక్కువే. రెండు రాతి పొరల నడుమ ఉన్న తడి పొర మందం, నిరోధకత రెండూ రెట్టింపైనా గీత దాదాపు మారదు. లోతున ఉన్న బెత్తెడు పగులు జాడ అసలే తెలియదు. అంటే మీటరు చెప్పేది పొరల సంగతే, నీళ్లున్నాయని కాదు!

అందుకే చేలో నాలుగైదు చోట్ల కొలిపించాలి. పక్క బోర్లలో ఏ పొర ఎంత లోతున తగిలిందో సరిచూడాలి. ఒక్కచోట చూసి 'రెండంగుళాల నీళ్లు ఖాయం' అనేవారిని నమ్మకూడదు. 'ఇక్కడ బోరు వద్దు' అని తేలినా సర్వే డబ్బు దండగ కాదు... ఒక అప్పు తప్పినట్టే!