మీకు తెలుసా? కప్లింగ్ వంకరే దాని ఆయువు కొలత

పల్నాడు సున్నపురాయికి, సిమెంటుకు పేరున్న సీమ. సిమెంటు ఫ్యాక్టరీల్లో బరువైన మిల్లులకు గేర్‌బాక్సు నుంచి శక్తిని అందించే పనికి గేర్ కప్లింగ్‌లు వాడుతుంటారు. హబ్ పళ్లు, స్లీవ్ లోపలి పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. షాఫ్టులు కాస్త వంకరగా ఉన్నా కప్లింగ్ సర్దుకుంటుంది కదా, అలైన్‌మెంటుకు అంత తిప్పలెందుకని కొందరంటారు. సర్దుకునే మాట నిజమే, కానీ ఊరికే కాదు. వంకర ఉంటే బరువు అన్ని పళ్ల మీదా సమంగా పడదు. పైగా ప్రతి చుట్టులోనూ ప్రతి పన్నూ ముందుకూ వెనక్కూ జారుతుంది. నిమిషానికి 1500 చుట్లంటే రోజుకు 21.6 లక్షల సార్లు!

లోహం అలసటకు లెక్క ఉంది. ఆయువు ఒత్తిడి 6వ ఘాతానికి విలోమంగా మారుతుందనుకుంటే, ఒత్తిడి 10 శాతం పెరిగితే ఆయువు సుమారు 44 శాతం తగ్గుతుంది. ఒడిదుడుకుల బరువులకు 1945లో మైనర్ అనే ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రంతో నష్టాన్ని కూడుకుంటూ పోవచ్చు. అయితే పళ్లు విరిగేకంటే ముందు అరిగిపోవడమే ఎక్కువ కదా అన్న అభ్యంతరం సబబే. ఆ అరుగుదలను తగ్గించేది గ్రీజే, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోని అంచనాను నేను నమ్మను. కేటలాగులో రాసిన గరిష్ఠ కోణం కప్లింగ్ తట్టుకునే హద్దు మాత్రమే. ఆ కోణంలో ఏళ్ల తరబడి నడపమని దాని అర్థం కాదు.