నాలుగు రోడ్ల సెంటర్లో ముందు ఎవరు వెళ్ళాలి?

జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతంలో పెద్ద వ్యాపార కేంద్రం. 2022లో జిల్లాలను మార్చే వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. కొవ్వూరు నుంచి దేవరపల్లి, కొయ్యలగూడెం మీదుగా వచ్చే రోడ్డు ఈ ఊరు దాటి జీలుగుమిల్లి, అశ్వారావుపేట వైపు పోతుంది. ఏలూరు వైపు నుంచి మరో రోడ్డు, బుట్టాయగూడెం వైపు నుంచి ఇంకో రోడ్డు ఇక్కడికి చేరతాయి. పొగాకు వేలం రోజుల్లో బేళ్ళు వేసుకున్న బళ్ళు, పామాయిల్ గెలలతో ట్రాక్టర్లు, గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి పోయే ఆటోలు, ఆర్టీసీ బస్సులు, వీటి మధ్య బడికి పోయే మీ సైకిళ్ళు!

ఇన్ని బళ్ళు నాలుగు వైపుల నుంచీ ఒకే సెంటరుకు వచ్చాయనుకోండి. అక్కడ సిగ్నలు దీపం లేదు. పోలీసూ లేడు. ముందు ఎవరు వెళ్ళాలి? పెద్ద బండా? గట్టిగా హారన్ కొట్టినవాడా? ముందు వచ్చినవాడా?

ఈ మూడూ కాదు. దీనికి చట్టంలో స్పష్టమైన జవాబు ఉంది. ఆ జవాబు వెనుక మీరు బడిలో చదువుకుంటున్న లెక్కలూ, భౌతికశాస్త్రమూ ఉన్నాయి. అవేమిటో చూద్దాం.

కాగితం మీద సెంటరు

ఒక తెల్లకాగితం తీసుకోండి. దాని మీద నాలుగు రోడ్లు కలిసే చోటు గీయండి. మన దేశంలో బళ్ళు ఎడమ పక్కన నడుస్తాయి గదా! కనుక ఒక్కొక్క రోడ్డు నుంచి వచ్చే బండికి మూడు దారులుంటాయి. ఎడమకు తిరగవచ్చు, నేరుగా పోవచ్చు, కుడికి తిరగవచ్చు. నాలుగు రోడ్లకు మొత్తం 12 దారులు. ఆ 12 గీతలనూ జాగ్రత్తగా గీయండి. ఇప్పుడు గీతలు విడిపోయే చోట్లు, కలిసే చోట్లు, ఒకదాన్నొకటి ఖండించే చోట్లు లెక్కపెట్టండి.

విడిపోయేవి 8, కలిసేవి 8, ఖండించేవి 16. మొత్తం 32! రోడ్డు ఇంజనీర్లు వీటిని ‘సంఘర్షణ బిందువులు’ అంటారు. రెండు బళ్ళు గుద్దుకోగల చోట్లు అన్నమాట. మూడు రోడ్లు కలిసే చోటైతే ఇవి 9 మాత్రమే. ఒక్క రోడ్డు పెరిగితే ప్రమాదపు చోట్లు మూడు రెట్లు దాటిపోయాయి, చూశారా!

వీటిలో ఖండించే బిందువులే ఎక్కువ ప్రమాదకరం. అక్కడ ఒక బండి ముందు భాగం రెండో బండి పక్క భాగానికి తగులుతుంది. మీ పటంలో ఇంకో సంగతి గమనించండి. 16 ఖండన బిందువులలో కేవలం నేరుగా పోయే బళ్ళ వల్ల ఏర్పడేవి 4. మిగతా 12 కుడి మలుపుల వల్ల ఏర్పడినవే! కుడికి తిరిగే బండి ఇతరుల దారులను అడ్డంగా దాటాలి. ఎడమకు తిరిగే బండి ఎవరి దారినీ ఖండించకుండా పక్కరోడ్డులో కలిసిపోతుంది. అందుకే కుడికి తిరిగే డ్రైవరు ఎదురుగా నేరుగా వచ్చే బండికి దారి ఇచ్చి, అది పోయిన తరువాత తిరగాలి.

కుడి చేతి వైపు బండికి ఎందుకు?

మన దేశంలో 1939లో ఒక మోటారు వాహనాల చట్టం వచ్చింది. దాని స్థానంలో 1988 చట్టం వచ్చి, 1989 జూలై 1 నుంచి అమలైంది. రోడ్డు నియమాలు కూడా 1989లో వెలువడ్డాయి. 2017లో వాటి బదులు కొత్త డ్రైవింగ్ నియమాలు వచ్చాయి. ఏ గుర్తూ, సిగ్నలూ లేని సెంటర్లో మీ కుడి చేతి వైపు నుంచి వచ్చే బండికి మీరు దారి ఇవ్వాలన్న సూత్రం 1989 నియమాలలోనూ ఉంది, 2017 నియమాలలోనూ ఉంది.

కుడి వైపే ఎందుకు? మళ్ళీ మీ పటం చూడండి. మీరు ఉత్తరం వైపు పోతున్నారు. కుడి నుంచి, అంటే తూర్పు నుంచి, పడమరకు ఒక బండి వస్తున్నది. అది తన ఎడమ పక్కన నడుస్తుంది. పడమర వైపు పోయేవాడికి ఎడమ పక్క దక్షిణం. అంటే అడ్డరోడ్డులో మీకు దగ్గరగా ఉన్న సగం! ఎడమ నుంచి వచ్చే బండి మాత్రం మీకు దూరంగా ఉన్న సగంలో నడుస్తుంది. కాబట్టి సెంటర్లో అడుగుపెట్టగానే మీకు ముందుగా ఎదురయ్యేది కుడి వైపు బండే. పైగా మన కార్లలో, బస్సుల్లో డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. ఆ వైపు అతనికి బాగా కనిపిస్తుంది.

సముద్రంలోనూ ఇలాంటి నియమమే ఉంది. ఇంజనుతో నడిచే రెండు ఓడల దారులు అడ్డంగా కలిసేటప్పుడు, ఏ ఓడకు కుడి పక్కన రెండో ఓడ కనిపిస్తుందో అదే దారి ఇవ్వాలి. 1972 నాటి అంతర్జాతీయ నియమాలలో ఇది ఉంది. కాకినాడ రేవుకు వచ్చే ఓడలకూ ఇదే వర్తిస్తుంది.

కదలని చుక్క

ఓడ నడిపేవారికి తెలిసిన మరో రహస్యం మీకూ పనికివస్తుంది. దూరాన కనిపించే ఓడ మనకు ఎప్పుడూ ఒకే కోణంలో కనిపిస్తూ, క్రమంగా పెద్దదవుతూ ఉంటే అది మనను గుద్దుకునే దారిలో ఉన్నదని అర్థం!

బడి ఆవరణలో ఇది చేసి చూడండి. నేల మీద సుద్దతో పెద్ద కూడిక గుర్తు గీయండి. ఒక గీత మీద మీరు, అడ్డగీత మీద మీ స్నేహితుడు, మధ్య బిందువుకు చెరి 20 అడుగుల దూరంలో నిలబడండి. మీ చేతిని స్నేహితుడి వైపు చాపి, ఇద్దరూ ఒకే వేగంతో మధ్యకు నడవండి. చేయి అతన్నే చూపిస్తూ ఉండాలి. చేయి కోణం ఏమీ మారదు, కాని ఇద్దరూ మధ్యలో కలుసుకుంటారు. ఈసారి అతన్ని వేగంగా నడవమనండి. చేయి ముందుకు జరుగుతుంది. అతను మీ ముందు నుంచి దాటిపోతాడు. నెమ్మదిగా నడిస్తే చేయి వెనక్కి జరుగుతుంది.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. మన కన్ను కదిలే వస్తువును త్వరగా పట్టుకుంటుంది. మనను గుద్దబోయే బండి కదలనట్టే కనిపిస్తుంది కాబట్టి దాన్ని గుర్తించడం కష్టం. కారులోనైతే ముందు అద్దం పక్కనుండే స్తంభం చాటున ఒక సైకిలు మొత్తం దాగి, చివరి వరకు కనిపించకపోవచ్చు. అందుకే సెంటరు దగ్గర తల కాస్త ముందుకీ వెనక్కీ వంచి, రెండు వైపులా రెండుసార్లు చూడాలి.

ఆగడానికి ఎంత దూరం?

ముందు ఎవరు వెళ్ళాలో తెలిస్తే చాలదు, ఆగగలగాలి. డ్రైవరు ఆపదను చూసి, గ్రహించి, బ్రేకు తొక్కడానికి కొంత సమయం పడుతుంది. రోడ్లను రూపొందించేటప్పుడు మన ఇంజనీర్లు దీనికి 2.5 సెకన్లు లెక్కగడతారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. బ్రేకు పడేలోగానే బండి దాదాపు 28 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక ఇంకో 17 మీటర్లు. మొత్తం 45 మీటర్లు.

వేగం 60 కిలోమీటర్లయితే? ఆగడానికి 80 మీటర్లు కావాలి. అంటే నాలుగు క్రికెట్ పిచ్‌ల పొడవు! వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకు పడ్డాక పోయే దూరం రెండు రెట్లకు పైగా పెరిగింది. బండి గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. అందుకే సెంటరు సమీపించగానే, దారి మీదే అయినా సరే, వేగం తగ్గించాలని నియమం చెబుతుంది.

కుడికి తిరగడానికి మీకు 5 సెకన్లు పడుతుందనుకుందాం. ఎదురుగా 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ 5 సెకన్లలో 83 మీటర్లు వచ్చేస్తుంది. ‘ఇంకా దూరంలోనే ఉందిలే’ అనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్కే చెబుతోంది.

బస్సు మలుపు, పైథాగరస్ సిద్ధాంతం

సైకిలు చక్రాలను నీళ్ళలో తడిపి, ఆరిన సిమెంటు నేల మీద వంపుగా తొక్కండి. రెండు చారలు పడతాయి. వెనుక చక్రం చార ముందు చక్రం చారకు లోపలి పక్కన ఉంటుంది. బస్సుకూ అంతే.

బస్సు ఎడమకు తిరుగుతున్నప్పుడు దాని ఎడమ ముందు చక్రం 10 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో పోతున్నదనుకోండి. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 6 మీటర్లనుకోండి. అక్కడొక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. కర్ణం 10, ఒక భుజం 6, రెండో భుజం 8. అంటే వెనుక చక్రం 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. ముందు చక్రం కంటే 2 మీటర్లు లోపలికి! ఆ రెండు మీటర్ల చోటులో మీ సైకిలు ఉంటే? ముందు చక్రం దూరంగానే పోయింది గదా అని నిలబడితే వెనుక చక్రం మీదికి వస్తుంది. తిరిగే బస్సుకూ, లారీకీ ఎడమ పక్కన దూరి పోవడానికి ఎన్నడూ ప్రయత్నించకండి. వెనకే ఆగండి.

గుండ్రటి దిమ్మె చేసే మేలు

కొన్ని సెంటర్లలో మధ్యన గుండ్రటి దిమ్మె కట్టి, బళ్ళన్నీ దాని చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో పోయేటట్టు చేస్తారు. నాలుగు రోడ్ల సెంటర్లో ఇలా చేస్తే 32 సంఘర్షణ బిందువులు 8కి తగ్గిపోతాయి. ఖండించే బిందువు ఒక్కటీ ఉండదు!

కాని ఒక షరతు. కొత్తగా వచ్చే బండి, అప్పటికే దిమ్మె చుట్టూ తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి. లేకపోతే బయటివాళ్ళు లోపలికి తోసుకువస్తారు, లోపలివాళ్ళు బయటికి పోలేరు, అందరూ ఇరుక్కుపోతారు. ఈ నియమాన్ని బ్రిటన్ 1966లో ప్రవేశపెట్టింది. మన 2017 నియమాలలోనూ ఇది ఉంది. దిమ్మె చుట్టూ తిరిగే బండి మీకు కుడి వైపు నుంచే వస్తుంది. అంటే ఇది పాత కుడి చేతి సూత్రమేనన్నమాట!

వరుస గుర్తుంచుకోండి

1. అంబులెన్సు, అగ్నిమాపక బండి సైరన్‌తో వస్తే అందరూ పక్కకు తప్పుకోవాలి. 2019 సవరణ ప్రకారం దారి ఇవ్వనివారికి ఆరు నెలల దాకా జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.
2. పోలీసు చేతి సైగ, సిగ్నలు దీపం ఉంటే వాటి మాటే వినాలి.
3. పోలీసు గాని, సిగ్నలు గాని లేని చోట చారల దారి మీద దాటుతున్న నడిచేవారికి దారి ఇవ్వాలి.
4. ఎనిమిది మూలల ఎర్ర గుర్తు ఉంటే పూర్తిగా ఆగాలి. తలకిందులైన త్రికోణం ఉంటే దారి ఇవ్వాలి. ఈ రెండు ఆకారాలు వేరే గుర్తులకు వాడరు. దుమ్ము పట్టి అక్షరాలు కనిపించకపోయినా ఆకారం చూసి గుర్తుపట్టవచ్చు.
5. చిన్న రోడ్డు నుంచి ప్రధాన రోడ్డు ఎక్కేవారు ప్రధాన రోడ్డు మీది బళ్ళకు దారి ఇవ్వాలి.
6. ఇవేవీ లేని చోట కుడి వైపు బండికి దారి ఇవ్వాలి.
7. కుడికి తిరిగేవారు ఎదురుగా నేరుగా వచ్చేవారికి దారి ఇవ్వాలి.

సైకిలు మీద కుడికి తిరిగేముందు వెనక్కి చూసి, కుడి చేయి బారుగా చాపి సైగ చేయండి. రద్దీగా ఉంటే దిగి, నడిపించుకుంటూ దాటండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఒక చిక్కు ప్రశ్న

నాలుగు రోడ్ల నుంచి నాలుగు బళ్ళు ఒకేసారి వచ్చాయి. నలుగురూ నియమం తెలిసినవారే. ఒక్కొక్కరికీ కుడి వైపు ఒక బండి ఉంది. కనుక నలుగురూ ఆగారు. ఇక ఎవరు కదలాలి?

నియమం ప్రకారం ఎవరూ కదలలేరు! కంప్యూటర్ శాస్త్రంలోనూ ఇలాంటి చిక్కు వస్తుంది. దాన్ని ‘డెడ్‌లాక్’ అంటారు. ఇది విడిపోవాలంటే ఒక్కటే మార్గం. ఎవరో ఒకరు చేయి ఊపి, ‘మీరు వెళ్ళండి’ అనాలి. ఒకరు కదిలితే మిగతా ముగ్గురికీ వరుసగా దారి దొరుకుతుంది.

దీనిని బట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. నియమాలు ఎవరు దారి ఇవ్వాలో చెబుతాయి. అవతలివాడు ఆ నియమం పాటించకపోతే, దారి మాదే అని ముందుకు ఉరికితే గుద్దుకోవడం తప్పదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. రోజుకు సగటున 460 మందికి పైగా అన్నమాట! దారి తమదే అయిన వారిని కూడా ఆ ప్రమాదాలు వదలవు.

ఇప్పుడు మీరే చెప్పండి. మీరు సైకిలు మీద చిన్న రోడ్డు నుంచి వచ్చి, ప్రధాన రోడ్డు ఎక్కబోతున్నారు. మీ ఎడమ నుంచి ఒక లారీ వస్తున్నది. మీ కుడి వైపు ఎవరూ లేరు. మీరు కుడికి తిరగాలి. ఎవరు ఆగాలి?

లారీ మీకు ఎడమ వైపు ఉంది కదా, ఆగవలసింది అదే అన్నారా? వరుసలో అయిదో నియమం మరొకసారి చదవండి. ఆగవలసింది మీరే. తరువాత మీ ఊరి సెంటరుకు వెళ్ళి, రోడ్డు పక్కన క్షేమమైన చోట పది నిమిషాలు నిలబడండి. ఎంతమంది దారి ఇచ్చారో, ఎంతమంది ఇవ్వలేదో ఒక కాగితం మీద గీతలు పెట్టి లెక్కించండి. ఆ లెక్కను తరగతిలో చూపించి, మీ సెంటర్లో ఏ మార్పు చేస్తే బాగుంటుందో అందరూ కలిసి ఆలోచించండి.