ఓడ జాబితాలో ఒక పేరు

రాజుల చరిత్రను శాసనాలు చెబుతాయి. కవి పండితుల చరిత్రను వారి గ్రంథాలు చెబుతాయి. శాసనం వేయించే స్తోమత, గ్రంథం రచించే విద్య లేని సామాన్యుని చరిత్రను ఎవరు చెబుతారు? పందొమ్మిదవ శతాబ్దంలో స్కాట్లాండును విడిచి ఆస్ట్రేలియా చేరిన పేద రైతుల సంతతివారికి ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. ఆ పూర్వికులలో చాలామంది తమ జీవితాన్ని గురించి ఏమీ రాసిపెట్టలేదు. ప్రభుత్వం, చర్చి తమ అవసరాల కోసం రాసుకున్న కొద్ది పంక్తులే వారి జీవితాలకు మిగిలిన ఆధారాలు.

స్కాట్లాండు ఉత్తర, పశ్చిమ ప్రాంతాలలోని కొండసీమను హైలాండ్స్ అంటారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి అక్కడి భూస్వాములు గొర్రెల పెంపకం లాభసాటిగా ఉండడంతో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న కౌలుదారులను భూముల నుండి తొలగించసాగారు. సముద్రతీరంలోని చిన్న కమతాలకు చేరిన కుటుంబాలకు బంగాళాదుంపే ప్రధానాహారమైంది. 1846లో ఆ పంటకు తెగులు సోకి కరవు వచ్చింది. 1852లో ఏర్పడిన హైలాండ్, ఐలండ్ వలస సంఘం 1857 నాటికి సుమారు 5,000 మందిని ఆస్ట్రేలియాకు పంపింది. ఇది పేదలకు సహాయమే అయినా, భూస్వాములకు భారం తొలగించే ఉపాయం కూడా. 1852 డిసెంబరులో హెర్క్యులిస్ అనే ఓడ 700 మందికి పైగా వలసదారులతో క్యాంబెల్‌టౌన్ రేవు నుండి బయలుదేరింది. దారిలో మశూచి వ్యాపించడంతో ఐర్లండు తీరంలో నిలిచిపోయింది. అనేకులు మరణించారు. కాబట్టి ఓడ జాబితాలో పేరున్నంత మాత్రాన ఆ వ్యక్తి గమ్యం చేరాడని భావించరాదు.

పూర్వికుల అన్వేషణ తెలిసిన దాని నుండి తెలియని దానికి, అంటే మరణం నుండి జననం వైపు సాగాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతపు మరణ నమోదు పత్రాలు ఇందుకు ఎంతో ఉపకరిస్తాయి. మృతుని తల్లిదండ్రులు, జన్మస్థలం, వివాహం, సంతానం, ఆ దేశంలో గడిపిన కాలం వంటి వివరాలు వాటిలో ఉంటాయి. ఒకరు 1890లో మరణించారనీ, ఆ దేశంలో 38 ఏళ్ళు నివసించారనీ ఉంటే, వారు 1852 ప్రాంతంలో వచ్చారని ఊహించవచ్చు. అప్పుడు ఆ ఏటి ఓడల జాబితాలను పరిశీలించాలి. వలస సంఘం జాబితాలలో ప్రయాణికుల పేరు, వయస్సు, స్వగ్రామం కనిపిస్తాయి. స్వగ్రామం తెలిస్తే 1851 జనాభా లెక్కలలో ఆ కుటుంబమంతా ఒకేచోట కనిపించే అవకాశం ఉంది.

అయితే ప్రతి పత్రానికీ దాని పరిమితులు ఉన్నాయి. 1841 లెక్కలలో పదిహేనేళ్ళు దాటిన వారి వయస్సును సాధారణంగా అయిదు చొప్పున తగ్గించి రాశారు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు అందులో ఇరవై అయిదేళ్ళవాడే. స్కాట్లాండులో జననమరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు పూర్వం చర్చి రిజిస్టర్లే శరణ్యం. 1843లో అక్కడి చర్చి చీలిపోవడంతో, వేరుపడినవారి బిడ్డల పేర్లు పాత రిజిస్టర్లలో తరచుగా కనిపించవు. పేరు లేనంత మాత్రాన ఆ బిడ్డ పుట్టలేదని కాదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేర్లతోనే. తాత పేరు మనుమనికి పెట్టడం తెలుగువారికి సుపరిచితమైన ఆచారం. స్కాట్లాండులోనూ పెద్ద కుమారునికి తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. ఫలితంగా ఒకే ఊరిలో ఒకే పేరుగల జ్ఞాతులు అనేకులు ఉండేవారు. తొందరపడి ఒక జాన్‌ను మరొక జాన్‌గా భావిస్తే, ఒకరి పూర్వికునికి వేరొకరి తల్లిదండ్రులను అంటగట్టినట్లవుతుంది. అసలు వ్యక్తి మరొకమారు మరుగున పడతాడు. అందువల్ల వయస్సు, ఊరు, తోబుట్టువుల పేర్లు కలిపి చూడాలి. స్కాట్లాండు పత్రాలు వివాహితల పుట్టింటి పేరును విడిచిపెట్టవు. తల్లి పుట్టింటి పేరు తెలిస్తే సందేహం చాలావరకు తీరుతుంది. నేడు డి.ఎన్.ఏ. పరీక్ష రక్తసంబంధాన్ని సూచించగలదు. కానీ ఆ వ్యక్తి ఏ ఊరు విడిచాడో, ఎందుకు విడిచాడో పత్రాలే చెప్పాలి.

భాష కూడా ఈ అన్వేషణలో ముఖ్యమే. ఆ వలసదారులలో చాలామంది మాతృభాష గేలిక్. వారి పేర్లను గుమాస్తాలు ఆంగ్లంలో రాశారు. ఇంటిలో ఇయన్ జాబితాలో జాన్ అయ్యాడు. షేమస్ జేమ్స్ అయ్యాడు. గేలిక్ తెలియని వారసునికి ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు.

ఈ మాట తెలుగువారికీ వర్తిస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి దర్బన్ చేరిన ట్రూరో ఓడతో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు భారతీయ ఒప్పంద కూలీల వలస ప్రారంభమై 1911 వరకు సాగింది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారి ఓడల జాబితాలలోనూ పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు ఉన్నాయి. ఆ పేర్లనూ ఊళ్ళనూ రాసినది తెలుగు తెలియని గుమాస్తాలే. తప్పుగా రాసిన ఆ అక్షరాల వెనుక ఉన్న అసలు ఊరును, అసలు పేరును పోల్చుకోవాలంటే తెలుగు తెలిసి ఉండాలి.