ఏడిపించడం ఆట కాదు
హైస్కూలు విద్యార్థుల మధ్య వేధింపు - నష్టాలు, నివారణ

మానవుడు సంఘజీవి. ఇంటి గడప దాటిన బిడ్డ ఆ సంఘజీవనాన్ని మొదట నేర్చుకునేది పాఠశాలలోనే. అక్కడ పాఠాలు ఎంత చక్కగా బోధించినా, తోటివారి మధ్య భయం లేకుండా కూర్చోగలిగినప్పుడే ఆ విద్య ఒంటబడుతుంది. నిత్యం అవమానం పొందే బిడ్డకు విద్యాలయం శిక్షాస్థలంగా మారుతుంది. ఇంగ్లీషువారు 'బుల్లీయింగ్' అని పిలిచే ఈ వేధింపును మన పెద్దలు చాలాకాలం 'పిల్లల అల్లరి' అని తేలికగా తీసివేశారు. గడచిన 50 సంవత్సరాల పరిశోధనలు ఆ అభిప్రాయం సరికాదని నిరూపించాయి.

వేధింపు అనగా ఏమిటి?

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970 దశకంలోనే ఈ సమస్యను శాస్త్రీయంగా పరిశీలించారు. ఆయన చెప్పిన లక్షణాలు మూడు. ఒకటి, బాధ పెట్టాలనే ఉద్దేశం. రెండు, అది పదే పదే జరగడం. మూడు, ఇరువురి బలంలో తేడా. సమానులైన ఇద్దరు మిత్రులు ఒకనాడు పోట్లాడుకుని మరునాడు కలిసిపోతే అది వేధింపు కాదు. నలుగురు ఒక్కటై ఒకరిని రోజూ అవహేళన చేస్తే, చెయ్యి చేసుకోకపోయినా, అది వేధింపే. కొట్టడం, తిట్టడం, పేర్లు పెట్టడం, వస్తువులు దాచడం, ఆటలో చేర్చుకోకపోవడం, లేనిపోని మాటలు పుట్టించడం ఇవన్నీ దాని రూపాలు. ఇప్పుడు వీటికి సెల్ ఫోను తోడైనది. పూర్వం బడి గంట కొట్టగానే తప్పిపోయే బాధ, నేడు వాట్సాప్ ద్వారా పడకగది వరకు వెంటాడుతున్నది.

కువైట్‌లో పరిస్థితి

2019లో యునెస్కో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు ప్రతి ముగ్గురు విద్యార్థులలో ఒకరు అంతకు ముందు నెలలో ఒక్కసారైనా తోటివారి వేధింపునకు గురైనవారే. కువైట్ ఇందుకు మినహాయింపు కాదు. ఇక్కడి 7, 8 తరగతుల విద్యార్థులు 989 మందిపై జరిగిన ఒక పరిశీలన 2017లో ప్రచురితమైనది. మన దేశపు లెక్కలో ఇవి హైస్కూలు తరగతులే. వారిలో 30.2 శాతం మందికి వేధింపుతో సంబంధం ఉన్నట్లు తేలినది. బాధితులు 18.9 శాతం, వేధించేవారు 3.5 శాతం, తాము బాధపడుతూ ఇతరులను బాధించేవారు 7.8 శాతం. తల్లిదండ్రులలో ఒకరు గాని ఇద్దరు గాని కువైటీలు కాని పిల్లలు, శారీరక వైకల్యం ఉన్న పిల్లలు ఎక్కువగా బాధితులవుతున్నారని కూడా అందులో వెల్లడైనది.

దీనిలోని సారాంశం ఒక్కటే. గుంపునకు భిన్నంగా కనిపించే బిడ్డ మొదటి గురి అవుతాడు. అందరూ భారతీయులే ఉన్న తరగతిలో కూడా ఆ భిన్నత్వానికి కొదువ లేదు. రాజంపేట నుంచో, భీమవరం నుంచో సంవత్సరం మధ్యలో వచ్చి చేరిన పిల్లవాని ఇంగ్లీషు ఉచ్చారణ, ఒంటి రంగు, టిఫిన్ డబ్బాలోని పదార్థం, తండ్రి చేసే ఉద్యోగం - ఏదైనా హేళనకు సాకు కావచ్చును.

మనసుకు, శరీరానికి కలిగే నష్టం

అమెరికాలో నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 2003లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించినది. కంప్యూటరుపై ముగ్గురు బంతి విసురుకునే ఆటలో ఒకరికి బంతి రాకుండా చేసి, ఆ సమయంలో వారి మెదడును స్కానింగ్ ద్వారా పరిశీలించారు. శారీరక బాధలో స్పందించే ప్రాంతాలలో కొన్ని అప్పుడు కూడా చురుకుగా పనిచేశాయి. వెలివేత వలన కలిగే నొప్పి కేవలం ఊహ కాదన్నమాట.

బ్రిటన్‌లో 1958లో జన్మించిన 7,771 మందిని 50 సంవత్సరాల వయసు వరకు పరిశీలించిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. బాల్యంలో తరచుగా వేధింపునకు గురైనవారిలో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు 40 ఏళ్ళ తరువాత కూడా ఇతరులకన్న అధికంగా కనిపించాయి.

వేధించేవారికి కూడా మేలు జరగదు. 6 నుంచి 9 తరగతులలో తోటివారిని వేధించిన బాలురలో సుమారు 60 శాతం మంది 24 ఏళ్ళు వచ్చేసరికి ఒక్కసారైనా నేరం రుజువై శిక్ష పొందినట్లు ఓల్వేయస్ గమనించారు. కనుక 'మా వాడు గట్టివాడు' అని మురిసిపోయే తల్లిదండ్రులు కూడా ఆలోచించవలసి ఉన్నది.

పిల్లలు ఎందుకు చెప్పరు?

చెబితే వేధింపు మరింత పెరుగుతుందని భయం. పిరికివాడంటారని సిగ్గు. పరదేశంలో మరొక కారణం కూడా ఉన్నది. నాన్న ఉద్యోగం, ఇఖామా, ఫీజులు, ఊరికి పంపవలసిన డబ్బు గురించి ఇంట్లో జరిగే మాటలను పిల్లలు వింటూనే ఉంటారు. తమ బాధను కూడా వారి నెత్తిన వేయడం ఎందుకని మింగుకుంటారు. మనసు విప్పి చెప్పుకోవడానికి తాతయ్య, అమ్మమ్మ దగ్గర లేరు. అందువలన నోటి మాట కన్న గుర్తులను గమనించవలెను. ఉదయం వేళ కడుపునొప్పి, తలనొప్పి, బస్సు ఎక్కడానికి మొండికేయడం, చిరిగిన పుస్తకాలు, కనిపించని వస్తువులు, నిద్రలేమి, మార్కులు తగ్గడం, 'నన్ను ఊళ్ళో హాస్టల్లో చేర్చండి' అని హఠాత్తుగా అడగడం ఇందుకు సూచనలు.

నివారణ మార్గాలు

1982లో నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకోవడంతో మరుసటి సంవత్సరం అక్కడ దేశవ్యాప్త ఉద్యమం మొదలైనది. బెర్గెన్‌లో సుమారు 2,500 మంది విద్యార్థుల మధ్య ఓల్వేయస్ పద్ధతిని అమలుపరచగా, రెండేళ్ళలో వేధింపు దాదాపు సగానికి తగ్గినది. స్పష్టమైన నియమాలు, విరామ సమయంలో ఉపాధ్యాయుల పర్యవేక్షణ, తరగతిలో చర్చ, తల్లిదండ్రులతో సంప్రదింపు - ఇవే దానిలోని ముఖ్యాంశాలు.

ఫిన్లాండ్‌లో 2009 నుంచి విస్తరించిన 'కివా' పద్ధతి చూస్తూ ఉండేవారిపై దృష్టి పెట్టినది. నవ్వే ప్రేక్షకులు లేకపోతే వేధించేవానికి ఉత్సాహం ఉండదు. కెనడా పాఠశాలలలో జరిపిన ఒక పరిశీలనలో, తోటి విద్యార్థి అడ్డుపడిన సందర్భాలలో 57 శాతం వేధింపులు 10 సెకన్లలోపే ఆగిపోయాయని 2001లో వెల్లడైనది. అడ్డుపడలేని పిల్లలు బాధితుని పక్కన వెళ్ళి కూర్చున్నా, పెద్దలకు చెప్పినా అదీ సాయమే. చాడీ వేరు, ఆపదలో ఉన్నవారికై చెప్పడం వేరు అని పిల్లలకు నేర్పవలెను.

తల్లిదండ్రులు మొదట చేయవలసినది, మధ్యలో అడ్డు తగలకుండా వినడం. 'నువ్వే ఏదో చేసి ఉంటావు' అన్న మాట బిడ్డ నోరు శాశ్వతంగా మూసివేస్తుంది. 'తిరిగి కొట్టు' అన్న సలహా బలహీనునికి మరిన్ని దెబ్బలే తెస్తుంది. జరిగిన తేదీ, స్థలం, చూసినవారి వివరాలు వ్రాసి ఉంచి, ఫోనులోని సందేశాలను చెరిపివేయకుండా భద్రపరచి, క్లాసు టీచరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తీసుకున్న చర్య ఏమిటో కొద్ది రోజులలో మర్యాదగా అడగాలి. అవతలి పిల్లవాని ఇంటికి వెళ్ళి తగాదా పడరాదు. పాఠశాల వారు కూడా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి రాజీ చేయక, విడివిడిగా మాట్లాడడం శ్రేయస్కరం. స్కూలు బస్సు, మెట్లు, మరుగుదొడ్ల వద్ద పెద్దల కన్ను ఉండాలి.

ఇందుకు నియమాల అండ కూడా ఉన్నది. కువైట్‌లోని భారతీయ పాఠశాలలు చాలావరకు సి.బి.ఎస్.ఇ.కి అనుబంధమైనవి. వేధింపు, ర్యాగింగ్ నిరోధానికి కమిటీలు ఏర్పరచవలసినదిగా ఆ సంస్థ 2015లో తన పాఠశాలలను ఆదేశించినది. అదే సంవత్సరం కువైట్ ప్రభుత్వం బాలల హక్కుల చట్టాన్ని, కంప్యూటరు నేరాల చట్టాన్ని చేసినది. తమ పిల్లల పాఠశాలలో అట్టి కమిటీ ఉన్నదా, అందులో తల్లిదండ్రుల ప్రతినిధి ఎవరు అని విచారించడం ప్రతి కుటుంబానికి గల హక్కు.

చట్టం కన్న ముందు పనిచేసేది ఇంటి వాతావరణం. ఇతరుల రంగు గురించి, భాష గురించి, ఉద్యోగం గురించి పెద్దలు భోజనాల వేళ చేసే ఎగతాళే పిల్లలు మరునాడు తరగతి గదికి తీసుకుపోతారు. కొత్తగా వచ్చిన కుటుంబపు బిడ్డను పండుగ సభల్లో, ఆటల్లో పిలిచి కలుపుకోవడం తెలుగువారందరికీ సాధ్యమైన పనే. ఒక్క స్నేహితుడు ఉన్న బిడ్డను గుంపు అంత సులభంగా ఒంటరి చేయలేదు.