తట్ట మోసిన చేతికి తాపీ

గోడ కట్టినవాని నేర్పు పూత క్రింద దాగిపోవును. పూత పూసినవాని నేర్పు మాత్రము ఇల్లు నిలిచినంతకాలము పదిమంది కంట బడుచునే యుండును. సాయంకాలపు ఎండ ఏటవాలుగా గోడమీద పడినప్పుడు ప్రతి ఎత్తుపల్లమును తన నీడతో తానే సాక్ష్యము చెప్పును. గృహస్థుడు గోడను చేతితో నిమిరి చూచి మేస్త్రీని మెచ్చుకొనును, లేదా నొచ్చుకొనును. కాని ఆ నునుపులో ఒక పాలు మాలు కలిపి తట్ట అందించిన కూలికి చెందును. మన ప్రాంతములలో ఆ కూలి తరచుగా స్త్రీయే. ఆమె పేరు ఎవరును అడుగరు.

తాపీపనిలో వేగమనగా చేయి విసరుట యని కొత్తవారు భ్రమపడుదురు. అనుభవము గల మేస్త్రీ చేయి నెమ్మదిగానే కదలును; అయినను ప్రొద్దు గ్రుంకునప్పటికి గోడ ముగియును. అతడు నడుమ ఆగడు, మాలు కొరకు ఎదురుచూడడు, చేసినదానిని మరల చేయడు. అతని వేగమంతయు నింతే. ఈ మూడును అతని చేతిలో ఎంత కలవో అతని వెనుక నిలిచిన మనిషి చేతిలోను అంత కలవు.

పని ముందునాటి సాయంకాలమే ఆరంభమగును. ఇటుకల నడుమ సందులు గీకి, దుమ్ము ఊడ్చి, గోడను తడుపవలెను. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చివేయును. అట్టి పూత గట్టిపడకమునుపే ఎండి పెచ్చులుగా లేచిపోవును. నీరు కారుచున్న గోడమీదనైనచో మాలు నిలువక జారును. నునుపైన కాంక్రీటు స్తంభమునకు ఉలితో గంట్లు పెట్టనిచో పూతకు పట్టు దొరకదు. మరునాడు మేస్త్రీ తూకపు గుండు వ్రేలాడదీసి, గోడమీద అక్కడక్కడ మాలుతో చిన్న బిళ్ళలు పెట్టి వానినన్నిటిని ఒక మట్టమునకు తెచ్చును. బిళ్ళకు బిళ్ళకు నడుమ నిలువు పట్టీలు తీయును. పట్టీల మధ్య మాలు కొట్టి, వానిపై ఆనించి బద్దను లాగినచో ఎక్కువైనది రాలును, తక్కువైన చోటు కనబడును. లోపలి గోడకు 12 మిల్లీమీటర్లు, పాతలెక్కన ఇంచుమించు అరంగుళము, మందము చాలును. కప్పు అడుగుభాగమునకు అందులో సగమే. కప్పు ముందు, గోడ తరువాత. గోడలో పైభాగము ముందు, క్రిందిభాగము తరువాత. ఈ వరుస తప్పినచో పైనుండి రాలిన మాలు ముగిసిన పనిని పాడుచేయును.

ఇంతవరకు నేర్పు, ఇక కాలము. సిమెంటు నీరు తగిలిన పిదప కనీసము 30 నిమిషముల వరకు బిగియుట ఆరంభింపరాదని మన దేశపు ప్రమాణము నియమించినది. ఆ పైన మాలు గుణము మారుచుండును. కలిపిన అరగంటలో వాడుట మేలు. రెండు గంటలు దాటినదానిని పారవేయవలసినదే. ఇప్పుడు ఒక లెక్క చూడుడు. సిమెంటు బస్తా 50 కిలోలు. కొలతలో సుమారు 35 లీటర్లు. ఒకటికి ఆరుపాళ్ళ ఇసుక కలిపినచో ఇంచుమించు 200 లీటర్ల మాలగును. అది 12 మిల్లీమీటర్ల మందమున 15 చదరపు మీటర్లకు మించిన గోడను కప్పును. ఒక్క మేస్త్రీ రెండు గంటలలో అంత మాలును గోడకెక్కించి, బద్ద లాగి, రుద్ది ముగించుట సాధ్యము కాదు. కాని పని తెలియని కూలికి బస్తా విప్పిన మొత్తము కలుపుటయే తెలియును. మిగిలిన మాలు బిగియుచుండగా దానిపై నీరు చల్లి, పారతో తిరగగొట్టి, మెత్తన చేసి మరల అందించును. చూచుటకు అదియు మాలువలెనే యుండును. గోడ ఆరిన తరువాత గోటితో గీరినంతనే ఇసుక రాలును. అప్పుడు మాటపడువాడు మేస్త్రీ.

పని తెలిసిన కూలి తీరు వేరు. ఆమె అరబస్తా చొప్పుననే కలుపును. ఇసుకను జల్లించుటకు ముందు అరచేతిలో నలిపి చూచును. చేతికి మన్ను అంటినచో ఆ సంగతి ముందే చెప్పును. తడి ఇసుక పొంగి కొలతలో ఎక్కువగా కనబడుననియు, తనలో నీటిని దాచుకొని యుండుననియు ఆమె ఎరుగును. "మేస్త్రీ గారూ, రాత్రి వానకు ఇసుక తడిసింది, నీళ్ళు తగ్గించి కలిపాను" అను ఒక్క మాట అతనికి గంట కాలమును మిగుల్చును. కప్పునకు పోయునది కొంచెము గట్టిగాను, గోడకు కొట్టునది కొంచెము జారుగాను ఉండవలెనని ఆమెకు వేరుగ చెప్పనక్కరలేదు. గోడ మొదట రేకు పరచి, రాలిన మాలును మట్టి కలియకముందే ఎత్తి, వెంటనే వాడుకకు ఇచ్చును. మేస్త్రీ ఒక పట్టీ ముగించులోపల రాబోవు పట్టీని తడిపి యుంచును. ఇవి యన్నియు చిన్నపనులే. వీనిలో ఒకటి లోపించినను పరంజాపై నిలిచిన మేస్త్రీ చేతులు ముడుచుకొని నిలువవలసివచ్చును.

తట్టను ఎక్కడ పెట్టవలెనను సంగతియు చిన్నది కాదు. పై లెక్కలోని 200 లీటర్ల మాలు సుమారు 400 కిలోల బరువు. తాపీకి ఒక కిలో చొప్పున ఎత్తినను 400 సార్లు ఎత్తవలెను. తట్ట కాళ్ళయొద్ద నున్నచో 400 సార్లు నడుము వంగును. నడుమెత్తున బల్లమీద నున్నచో ఒక్కసారియు వంగనక్కరలేదు. ఈ సత్యమును శాస్త్రముగా నిరూపించినవాడు అమెరికా దేశస్థుడు ఫ్రాంక్ గిల్‌బ్రెత్. ఆయన 1885లో 17 ఏళ్ళ వయస్సున ఇటుకపని నేర్చుకొనుటకు చేరెను. అక్కడ ఆయనను ఆశ్చర్యపరచిన విషయ మొక్కటి: ఏ ఇద్దరు పనివారును ఒకే విధముగా చేయి కదపరు, పైగా ఒకే మేస్త్రీ నేర్పునప్పుడు ఒక తీరున, తొందరలో మరొక తీరున, తీరికలో వేరొక తీరున పనిచేయును. నేర్చుకొనువాడు వీనిలో దేనిని పట్టుకొనవలెను? గిల్‌బ్రెత్ ప్రతి కదలికను లెక్కించి, ఒక ఇటుకకు 18గా ఉన్నవానిని 5కు తగ్గించెను. ఎత్తు మార్చుకొనదగు పరంజాను కల్పించి ఇటుకలను, మాలును పనివాని నడుమెత్తున ఉంచెను. ఇటుకలను ఏరి, వరుసగా అమర్చి అందించుపని సహాయకులకు నేర్పెను. గంటకు 120 ఇటుకలు పేర్చుచుండినవారు 350 పేర్చగలిగిరని 1911లో వెలువడిన ఫ్రెడరిక్ టేలర్ గ్రంథము చెప్పుచున్నది. పేర్చినవాని చేయి మునుపటి చేయే. మారినది అతనికి వస్తువు అందిన తీరు.

మన దేశమున పూర్వము ఈ విద్య వేరొక దారిని అబ్బెడిది. సున్నమును ఇసుకతో గానుగలో వేసి ఎద్దులచే త్రిప్పించి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి గచ్చు సిద్ధపరచువారు. సున్నము మెల్లగా బిగియును. దాని కొరకు దినముల తరబడి కాచుకొనవలెను. ఆ తీరికలో తండ్రి చేతిని చూచి కొడుకు, మేస్త్రీ చేతిని చూచి శిష్యుడు నేర్చుకొనిరి. హైదరాబాదులోని పైగా సమాధుల గోడలపై నేటికిని నిలిచియున్న గచ్చు అల్లికలు అట్టి చేతులు చేసినవే. సిమెంటు వచ్చిన పిదప ఆ తీరిక పోయినది. నడచుచున్న గడియారమునకు ఎదురుగా నిలిచి పనిచేయువాడు ప్రక్కవానికి నేర్పలేడు. సున్నపు పని తగ్గినకొలదియు అది తెలిసిన చేతులును తగ్గినవి. 2013లో గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల జీర్ణోద్ధరణము పూనుకొన్నప్పుడు మరల సున్నము, బెల్లము, కరక్కాయ కలిపి గచ్చు చేయించవలసివచ్చినది. చూపుతోనే సంక్రమించు విద్యలు ఒక తరము చూడనిచో ఆగిపోవును. కనుక నేడు నేర్పుట దానంతట అది జరుగునది కాదు. మేస్త్రీ పూనుకొని చేయవలసినది.

నేర్పుటకు ప్రత్యేకముగా దినము కేటాయింపనక్కరలేదు. ఆజ్ఞతోపాటు కారణము చెప్పిన చాలును. "నీళ్ళు తగ్గించు" అనుటకును, "నీళ్ళు ఎక్కువైతే గోడ బీటలు తీస్తుందమ్మా, తగ్గించు" అనుటకును మూడు నాలుగు మాటలే తేడా. మొదటిది ఆ తట్టకే పనికివచ్చును. రెండవది జీవితమంతయు పనికివచ్చును. పిదప మాలును వ్రేళ్ళతో పట్టి చూచుట నేర్పవలెను. సిమెంటు నీరు క్షారగుణము కలది; చర్మమును తినివేయును. రబ్బరు తొడుగులు లేక పట్టరాదనియు, కంట పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడుగవలెననియు అప్పుడే చెప్పవలెను. తరువాత చెక్క పలకతో రుద్దుట. పూతను వ్రేలితో నొక్కినప్పుడు గుర్తు పడి, వ్రేలికి మాత్రము అంటకయున్న సమయమే రుద్దుటకు తగినది. ఆ గడియను మాటలలో చెప్పలేము. పదిమార్లు నొక్కి చూడనిచ్చిన తెలియును. పిమ్మట బీరువా వెనుకకు పోవు గోడయో, మెట్ల క్రింది గోడయో ఇచ్చి తాపీ పట్టనీయవలెను. తప్పు జరిగినను అక్కడ నష్టము స్వల్పము. మూలలు, కిటికీ అంచులు అన్నిటికంటె చివర. గోడ ముగిసిన పిదప 7 దినములు తడుపుట ఎందుకో తెలిసిన మనిషిని ఒకరు కాపలా కాయనక్కరలేదు.

ఇంత తెలిసియు అనేకులు నేర్పరు. నేర్పినచో రేపు పోటీకి వచ్చునను భయ మొకటి. మంచి సహాయకురాలు పోయినచో తన పని కుంటుపడునను భయము మరొకటి. రెండును నిరాధారములని చెప్పలేము. దినకూలిమీద బ్రతుకువాని భయమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. కాని దీని ఫలమును అనుభవించునది తట్ట మోయు స్త్రీ. పదునెనిమిదవ యేట తట్ట ఎత్తినామె నలుబదవ యేటను తట్టతోనే యుండును. ఆమె తరువాత వచ్చిన కుఱ్ఱవాడు రెండేండ్లలో తాపీ పట్టి, ఆమెనే మాలు తెమ్మనును. స్త్రీపురుషులకు సమాన వేతనమను శాసనము 1976లోనే వచ్చినది. అయితే అది ఒకే పని, లేదా అట్టి పోలిక గల పని చేయువారికే వర్తించెడిది. తాపీ ఒకరికి, తట్ట ఒకరికి అని పంచిపెట్టిన చోట ఆ ప్రశ్నయే తలయెత్తదు. తాపీ బరువు తట్ట బరువు కంటె ఎంతో తక్కువ. కాబట్టి బలము చాలదను వాదము నిలువదు. 2014లో ఆరంభమైన స్వచ్ఛభారత్ పథకము క్రింద ఝార్ఖండ్ రాష్ట్రమున మరుగుదొడ్ల నిర్మాణమునకై గ్రామస్త్రీలకు తాపీపని నేర్పిరి. వారికి రాణీ మిస్త్రీలను పేరు వచ్చినది. నేర్పువారు లేకపోవుటయే లోపమని వారు కట్టిన గోడలే చాటుచున్నవి.

తన కూలికి పని నేర్పిన మేస్త్రీ నష్టపోడు. పరంజా రెండవ కొనను మరొక తాపీ కదలుచుండగా గోడ రెండు వైపులనుండి నడుమకు వచ్చును. ఒకనాటి పని పూటలో ముగియును. ప్రొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగు ఆ గోడమీద పడును. ఏ భాగము ఎవరు పూసిరో గృహస్థుడు పోల్చుకొనలేడు. మేస్త్రీ పోల్చుకొనును. తాను నేర్పిన చేయి ఎక్కడ మొదలైనదో వెదకి, నిమిరి చూచి, "ఇక్కడ కొంచెం ఎక్కువ రుద్దావు, అమ్మా" అనును. మరునాడు తాపీ ఆమె చేతికే ఇచ్చును.